ఒక్క చెంచెడు తీర్థం

తొమ్మిదేళ్ళ క్రితం ఒక ఆడమనిషితో రెండు మాటలన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. అప్పటి నుంచి అవి నాతోనే ఉన్నాయి. అన్నం ముందు కూర్చుంటే ఉంటాయి, బస్సెక్కితే ఉంటాయి. నా భార్యకు చెప్పలేదు. మా అమ్మ పోయేముందు ఆమెకైనా చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనకండి. ధైర్యమే ఉంటే తొమ్మిదేళ్ళు పట్టేది కాదు.

పేర్లు మార్చాను. ఊళ్ళు మార్చలేదు.

నేను ఎండోస్కోపీ టెక్నీషియన్ని. డాక్టరు రోగి నోట్లోంచి కెమెరా గొట్టం వేసి లోపల చూస్తుంటే పక్కన నిలబడి కావలసినవి అందిస్తాను. పని అయ్యాక ఆ గొట్టాలు కడుగుతాను. ఇప్పుడు కోరుట్లలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడు జగిత్యాలలో, ఇంతకంటే పెద్దదాంట్లో ఉండేవాణ్ణి. దానికీ ముందు, ఈ కోర్సు చదవకముందు, సిరిసిల్లలో ఒక సైజింగ్‌లో రెండేళ్ళు పనిచేశాను. సైజింగ్ అంటే మగ్గానికి పోయే నూలుకు గంజి పట్టించే చోటు. గంజి పట్టిన పోగు తెగదు. కానీ ఆ గంజి రోలరు మీద పేరుకుని జిగటగా అయ్యిందంటే వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ రెండేళ్ళలో తుడవడం నా చేతులకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో పళ్ళెం అంచున పాయసం చుక్క కనిపించినా చెయ్యి దానంతటదే పోయేది. ఇది సాకు కోసం చెప్పడం లేదు. కాదు, అబద్ధమెందుకు, కొంచెం సాకు కోసమే చెబుతున్నాను.

రాజేశం కూడా సైజింగ్ మనిషే. సిరిసిల్లలో ముప్ఫయ్యేళ్ళు గంజి వండినవాడు. వయసు యాభై దాటింది. తిండి గొట్టంలో క్యాన్సర్. మా దగ్గరకు వచ్చేసరికే అన్నం దిగడం మానేసి రెండు నెలలైంది, పాలు కూడా గుటక గుటకకూ ఆగి ఆగి దిగేవి. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని హైదరాబాదులో చెప్పి పంపించారు. ఇక చేయగలిగింది ఒక్కటే, గడ్డ ఉన్న చోట స్టెంటు పెట్టడం. గుండెకు పెట్టే స్టెంటు లాంటిదే, కాకపోతే బొటనవేలంత లావు, జానెడు పొడవు. అది లోపల విచ్చుకుని దారి తెరుస్తుంది. జబ్బు పోదు, తిండి దిగుతుంది. ఉన్నన్నాళ్ళు మనిషి కడుపుకు ఇంత తిని ఉంటాడు.

ఉన్నన్నాళ్ళు అంటే? ఆరు నెలలు, మంచిగుంటే ఏడాది అన్నాడు మా పెద్ద డాక్టరు. రాజేశానికి అది చాలు. అతని బిడ్డ లావణ్యకు అప్పుడు ఏడో నెల. పుట్టబోయే పిల్లకో పిల్లవాడికో మొదటి అన్నం ముద్ద తన చేత్తో పెట్టాలని అతని కోరిక. పుండు పడిన గొంతుతో గరగరమంటూ ఆ మాట నర్సుకు చెప్పాడు, నాకు చెప్పాడు, కారిడార్ ఊడ్చే ఆమెకు కూడా చెప్పాడు. తనకు ముద్ద దిగని మనిషి ఇంకెవరికో ముద్ద పెట్టడం గురించి అంత ఆశగా మాట్లాడుతుంటే నాకు వింతగా ఉండేది. ఇప్పుడు వింతగా లేదు.

అతని భార్య సత్తవ్వ బీడీలు చేస్తుంది. ఆసుపత్రి వరండాలో కూడా చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తుంటే నర్సు కసిరింది. చాట సంచిలో పెట్టేసింది కానీ వేళ్ళు ఆగలేదు, కొంగు అంచునే మడుస్తూ, చుడుతూ కూర్చునేది.

జిగురు సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ తిండి గొట్టం స్టెంట్లకు ఒక తంటా ఉంది. పైన పొర లేకపోతే గడ్డ ఆ తీగల వల కన్నాల్లోంచి లోపలికి పెరిగి దారిని మళ్ళీ మూసేస్తుంది. పొర వేస్తే పెరగదు, కానీ నునుపుగా ఉంటుంది కాబట్టి తిండి నెట్టిన కొద్దీ కిందికి జారుతుంది. ఆ ఎండాకాలం ఒక కంపెనీ మనిషి కొత్త రకం పట్టుకొచ్చాడు. పొర ఉంది, పొర మీద జిగురు పూత ఉంది. ముట్టుకుంటే పొడిగా, చాక్‌పీసు రాసిన పలక లాగా ఉంటుంది. తడి తగిలితే పట్టు మొదలవుతుంది. తెల్లారేసరికి గొట్టం గోడను గట్టిగా పట్టేసుకుంటుంది. మాటకారి మనిషి, మాటలతో ఊరుకోలేదు. మటన్ కొట్టు నుంచి మేక పేగు తెప్పించి, నీళ్ళలో తడిపి, దాని మీద ఒక ముక్కను అద్ది, కాసేపాగి లాగమన్నాడు. పేగు సాగింది కానీ ముక్క రాలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఈ రకం స్టెంటు విడిగా వస్తుంది. దాన్ని లోపలికి తీసుకెళ్ళే సన్నటి గొట్టంలోకి మేమే ఎక్కించాలి. ఎక్కించేదాకా చుక్క తడి తగలకూడదు, పొడి గ్లౌజులు, పొడి ట్రే. ఇది మొదటిది. రెండోది, పెట్టిన రోజు తెల్లారేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదు, పూత ఇంకా పట్టకముందే తిండి నెట్టితే జారుతుంది. నేను అడిగాను, నీళ్ళు తాగినా ఊడుతుందా అని. అతను నవ్వాడు. నీళ్ళు తగిలితేనే కదా పట్టేది, ఒక గుటక మింగినా ఏమీ కాదు, జనానికి నీళ్ళు పర్లేదంటే ఇడ్లీ కూడా పెట్టేస్తారు, అందుకే ఏమీ వద్దని రాశాం అన్నాడు. బొమ్మలతో ఉన్న కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. అడిగింది నేను. విన్నది నేను. ఆ గదిలో ఇంకెవరూ లేరు.

స్టెంటు పెట్టే ముందురోజు ఈ పూత గురించి రాజేశానికి వివరించింది కూడా నేనే. అతను శ్రద్ధగా విని, పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్నే అడిగాడు. ఆరితేనే కదా గంజి పట్టేది, లోపలంతా తడిగా ఉంటే ఎట్లా పడుతుంది అని. ఇది తడిలోనే పట్టే జిగురు అన్నాను. అతని కళ్ళు మెరిశాయి. ఏ పిండితో చేస్తారో కనుక్కోమన్నాడు. నేనూ సిరిసిల్ల సైజింగ్‌లో చేసినవాణ్ణే అని తెలిశాక ఇంక ఆగలేదు. ఏ సైజింగ్, ఏ సేటు, నీళ్ళు ఎంత, గంజి ఎంత అన్నీ అడిగి, సత్తవ్వ వైపు తిరిగి, "మనోడే ఉన్నడు లోపట. ఇగ భయం లేదు" అన్నాడు.

మనోడే ఉన్నడు.

స్టెంటు పెట్టే రోజు పొద్దున అతనికి ముందు ఇద్దరు రోగులున్నారు. రెండో మనిషి అవగానే కెమెరా గొట్టం కడిగాను. ఆ తడి గ్లౌజులు మార్చలేదు. ఎందుకు మార్చలేదు? డాక్టరు తొందర పెడుతున్నాడు, రాజేశానికి మత్తు ఇచ్చేశారు, కొత్త గ్లౌజుల పెట్టె గదికి అటు చివర అల్మారాలో ఉంది. నాలుగడుగులు. ఆ నాలుగడుగుల గురించి నేను ఆలోచించినంత నా పిల్లల చదువు గురించి కూడా ఆలోచించలేదు.

స్టెంటు ప్యాకెట్లోంచి బయటికి తీశాను. పట్టుకున్న చోట పూత రంగు మారింది. సన్నటి గొట్టంలోకి ఎక్కించబోతే అంచు మొరాయించింది. ఇంకోసారి నెట్టాను. పూత వేళ్ళ మధ్య తీగలుగా సాగింది. ఆ సాగడం నాకు బాగా తెలుసు. పక్కనే సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ ఉంది. నా చెయ్యి నన్నడగలేదు. అందుకుని తుడిచేసింది.

మొదటిసారి తుడిచింది చేతి అలవాటు. అది ఒప్పుకుంటాను. కానీ ఒకసారి తుడిస్తే పోయే పూత కాదది. తుడిచిన చోట పక్కన మళ్ళీ జిగటైంది, మళ్ళీ తుడిచాను, తిప్పి తుడిచాను. అప్పటికి నేనేం చేస్తున్నానో నాకు తెలుసు. సైజింగ్‌లో గంజి తుడిస్తే రోలరు శుభ్రమవుతుంది, ఇక్కడ తుడిస్తే మనిషి పోతాడు అని అంత స్పష్టంగా తెలియకపోయినా, తుడవకూడనిది తుడుస్తున్నానని తెలుసు. సార్, ఇది తడిసింది. ఇంతే చెప్పాలి. చెబితే? తెప్పించిన స్టెంటు ఒక్కటే. మత్తులో ఉన్న మనిషిని వెనక్కి పంపాలి, హైదరాబాదు నుంచి ఇంకొకటి వచ్చేదాకా ఆగాలి. డాక్టరు తిడతాడు. నాకంటే ముందున్నతను కెమెరా గొట్టం కింద పడేస్తే ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. నాకు అక్కడ చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

పూతంతా పోయాక స్టెంటు నునుపుగా, సులువుగా లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు స్టెంటు పెట్టడం అయ్యాక మాస్కు కిందికి లాగి, ఈసారి బాగా ఎక్కించావ్ అన్నాడు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకుంది అదొక్కసారే.

తెల్లవారి ఎక్స్‌రేలో స్టెంటు పెట్టినచోటే ఉంది. రాజేశం పాలు తాగాడు. మధ్యాహ్నం మెత్తటి అన్నంలో పెరుగు పిసికి తిన్నాడు. తింటూ ఏడ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పూత లేకపోయినా పట్టిందిలే అనుకున్నాను. మొక్కుకున్నాను కూడా. నా తప్పు బయటపడకూడదని మొక్కానా, ఆ మనిషి బాగుండాలని మొక్కానా? రెండూ ఒకటే అని అప్పుడు అనిపించింది. ఒకటి కాదని వారం తిరగకముందే తేలింది.

ఇంటికి పోయినవాణ్ణి ఏడో రోజు మళ్ళీ ఆటోలో తెచ్చారు. స్టెంటు జారి కడుపులోకి పోయింది. దారి మళ్ళీ మూసుకుంది. మింగబోయిన అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం, ఆయాసం. మళ్ళీ మత్తిచ్చే స్థితిలో మనిషి లేడు. డాక్టరు చిరాకు పడ్డాడు. పూత ఉన్న స్టెంటు ఎట్లా జారుతుంది, ఆ రోజు వీళ్ళు ఏమైనా తినిపించి ఉంటారు, పోయి కనుక్కో అని నన్నే పంపాడు. నిజం తెలిసిన ఒకే ఒక్కడిని నిజం కనుక్కోమని పంపాడు.

సత్తవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచింది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"అమ్మా, నిజం చెప్పు. స్టెంటు పెట్టిన దినం ఆయన నోట్లె ఏమన్న పోసినవా?"

ఆమె మొహం తెల్లబోయింది. "అన్నం పెట్టలె సారు. దేవుని తోడు."

"అన్నం కాదు. ఏమన్న."

కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంది. తర్వాత చెప్పింది. "ఒక్క చెంచెడు తీర్థం సారు. కొండగట్టు అంజన్న తీర్థం. పొద్దుగూకంగ నాలిక పిడుసగడ్తున్నదని సైగ చేసిండు. దేవుని నీళ్ళే గద అని పోసిన. ఒక్కటే చెంచ. దానితోనేనా సారు?"

ఇక్కడ ఆగుతాను. ఎప్పుడూ ఇక్కడే ఆగుతాను. ఆమె నన్ను ప్రశ్న అడిగింది. దానితోనేనా అని. కాదమ్మా అని ఒక్క మాట. నా తప్పు బయటపెట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఎందుకు జారిందో తెలియదమ్మా, నీళ్ళతో మాత్రం కాదు అంటే సరిపోయేది. నా పనీ పోయేది కాదు, ఆమె మనశ్శాంతీ పోయేది కాదు. మధ్యదారి అంత వెడల్పుగా ఉంది. కానీ డాక్టరు ఒక కారణం తెమ్మన్నాడు, నా చేతికి ఒక కారణం దొరికింది. ఆమె దాన్ని తానే నా చేతిలో పెట్టింది.

"గదే మరి," అన్నాను. "గందుకే జారింది."

ఆమె అరవలేదు. ఏడవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దాని వైపు చూసుకుంది. వార్డు తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద రాజేశం కళ్ళు తెరిచే ఉన్నాడు. అతనికి మా మాటలు వినబడి ఉంటాయా అని ఆ క్షణం అనుకోలేదు. తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వినబడి ఉండవులే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

కేసు షీట్లో రాశారు, సూచనలు పాటించకుండా బంధువులు నోటి ద్వారా ఇచ్చారని. సత్తవ్వ వంకర అక్షరాలతో సంతకం పెట్టింది. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించింది నేనే. నాలుగో రోజు రాజేశం పోయాడు. ఆ నాలుగు రోజులు నేను ఆ వార్డు వైపు పోలేదు. శవాన్ని తీసుకుపోయేటప్పుడు కిందికి దిగి వచ్చి, కడుపుతో ఉన్న బిడ్డను చూసి, మళ్ళీ పైకి వెళ్ళి గొట్టాలు కడుక్కున్నాను.

ఈ తొమ్మిదేళ్ళు నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. ఎట్లాగూ పోయేవాడే అనుకున్నాను. నిజమే, కానీ పది పన్నెండు రోజుల్లో కాదు. పూత ఉన్నా జారేదేమో అనుకున్నాను. అదీ నిజమే. పూత ఉన్నవి జారడం తర్వాత నేనే చూశాను. నేను తుడవడం వల్లే రాజేశం పోయాడని ఈ రోజుకూ గట్టిగా చెప్పలేను. ఈ చెప్పలేకపోవడం వెనకే ఇన్నాళ్ళు దాక్కున్నాను. కానీ ఒకటి గట్టిగా చెప్పగలను. చెంచెడు నీళ్ళ వల్ల పోలేదు. అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. స్టెంటు విషయంలో నేను చేసింది పొరపాటని ఎవరైనా అంటే అనొచ్చు. వరండాలో చేసింది పొరపాటు కాదు.

మరుసటి ఏడు జగిత్యాల వదిలేసి కోరుట్ల వచ్చాను. ఇంటికి దగ్గర అని అందరికీ చెప్పాను. కంపెనీ మనిషి ఇచ్చిన బొమ్మల కాగితం మాత్రం పారెయ్యలేదు. నా సర్టిఫికెట్ల ఫైల్లో, అన్నిటికంటే అడుగున పెట్టాను. దాని మీద ఒక చెయ్యి బొమ్మ, పక్కన నీటిచుక్క, చుక్క మీద అడ్డంగా ఎర్రగీత ఉంటాయి. చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యే బొమ్మ.

మొన్న, ఎండలు ముదరకముందు, ఒక పిల్లను తెచ్చారు. ఎనిమిదేళ్ళుంటాయి. మటన్ బొక్క, అంటే ఎముక ముక్క, గొంతులో ఇరుక్కుంది. పెద్ద పని కాదు, డాక్టరు పది నిమిషాల్లో తీసేశాడు. మత్తు పూర్తిగా దిగాక, మింగగలుగుతుందో లేదో చూడడానికి ముందు ఒక చెంచా నీళ్ళు తాగించాలి. పిల్ల పక్కన వాళ్ళ అమ్మ, అమ్మమ్మ ఉన్నారు. పిల్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అందుకని గిన్నె, చెంచా అమ్మమ్మకే ఇచ్చాను. తాగించమన్నాను.

ఆమె చెయ్యి పాము కనబడ్డట్టు వెనక్కి లాక్కుంది.

"నా చేతితోని వద్దు సారు. గీ చేతితోని నోట్లె పోస్తే కలిసిరాదు. మా ఆయనను గిట్లనే చంపుకున్న."

సారు అనే ఆ పిలుపుతో సత్తవ్వను గుర్తుపట్టాను. జుట్టంతా నెరిసింది, మనిషి సగమైంది. నేను మాస్కులో ఉన్నాను, నన్ను గుర్తుపట్టలేదు. పక్కన లావణ్య, ఆ రోజు నేను కిందికి దిగినప్పుడు కడుపుతో కనిపించిన బిడ్డ, తల్లి మాటకు సిగ్గుపడి నాకు సర్దిచెప్పింది. అత్తగారిది కోరుట్లే, భర్త దుబాయిలో ఉన్నాడు, తల్లి ఆరేళ్ళుగా తన దగ్గరే ఉంటుంది. "అమ్మ గంతే సార్. ఇది పుట్టినకాన్నుంచి ఒక్క ముద్ద పెట్టలె. వండుతది, కలుపుతది, గిన్నె నా చేతికిస్తది. దీని అన్నప్రాసన నాడు గూడ అర్రల తలుపేసుకుని కూసున్నది." అన్నప్రాసన అనగానే నాకు రాజేశం గొంతు గరగర వినిపించింది.

నీళ్ళు నేనే తాగించాను. తుడిచిన చెయ్యి ఇదే. పిల్ల గుటుక్కున మింగి నవ్వింది. అమ్మమ్మ దూరం నుంచి చూసి, "మింగిందా?" అని అడిగింది. మింగింది అన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. గదిలో నలుగురం ఉన్నాం, మాస్కు తీస్తే చాలు. తీయలేదు. వాళ్ళు చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, ఆటో ఎక్కేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళు నేను అనుకున్నది, నేనే ఏదో మోస్తున్నానని. నేను మోసింది ఏమీ లేదు. పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, నా పిల్లలకు రోజూ ముద్దలు పెట్టాను. నాది కూడా ఆమే మోసింది.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఉత్తరం రాశాను. ఎనిమిది కాగితాలు చింపి తొమ్మిదోది ఉంచాను. జరిగింది జరిగినట్టు రాశాను. ఏడ్చి రాయలేదు, ఏడిస్తే నన్ను ఓదార్చమని అడిగినట్టుంటుందని. బొమ్మల కాగితం కూడా కవర్లో పెట్టాను. ఈ రాతలో నా పేరు లేదు గానీ ఆ ఉత్తరంలో ఉంది. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఎక్కడ చెప్పుకున్నా, ఎవరి ముందు నిలబెట్టినా ఇదే చెబుతానని రాశాను. ఆసుపత్రి రిజిస్టరులోంచి లావణ్య చిరునామా తీసుకుని పంపాను. ఉన్న ఊళ్ళోనే పోస్టు చేశాను, నడిచి పోతే పావుగంట దూరం. మొహం మీద చెప్పలేనివాడు ఇంకేం చేస్తాడు.

ఆరో రోజు ఫోన్ వచ్చింది. లావణ్య. గొంతులో కోపం.

"గది రాసింది నువ్వేనా?"

"నేనే."

"మా అమ్మకు చదివి ఇనిపిస్తే నమ్ముతలేదు. తన మనసు కుదురుపడాలని నేనే ఎవలతోనో రాయించిన్నని అంటున్నది. నీ నోటితోని చెప్పు."

ఫోన్ చేతులు మారింది. అవతల ఊపిరి వినబడుతోంది. మాటలు ముందే అనుకుని పెట్టుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "అవ్వా, నువ్వు పోసిన తీర్థంతోని ఏం కాలే. జిగురు తుడిచింది నేను. గా దినం నీకు అబద్ధం చెప్పిన," అన్నాను.

ఎక్కడో పిల్ల ఏదో అడుగుతోంది, ఎవరూ జవాబివ్వడం లేదు.

"గప్పుడెందుకు చెప్పలె?"

"భయపడ్డ."

తర్వాత మెల్లగా, నాతో కాదన్నట్టు మాట్లాడింది. "నువ్వన్నది గాయన ఇన్నడు సారు. తలుపు తీసే ఉండె. గటెన్క నాలుగు దినాలు నా చేతి నీళ్ళు ముట్టలె. పెదవి తడుపుదామన్నా మొఖం అటు తిప్పుకున్నడు. నర్సమ్మ పోస్తెనే తాగిండు. గట్లనే పోయిండు. గాయనకు ఎవలు చెప్తరు ఇప్పుడు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. అడిగి ఉంటే అదొక కొత్త తప్పయ్యేది. పోలీసులు వస్తారా, డాక్టరు పిలుస్తాడా, తెలియదు. వస్తే ఇదే చెబుతాను. ఆ పిల్లకు ఆమె ఒక్క ముద్దయినా పెట్టిందా లేదా అన్నది కూడా నాకు తెలియదు. రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు ఆ ప్రశ్న వస్తుంది. ఫోన్ చేసి అడిగే హక్కు నాకు లేదు.

ఇంకొకటి ఉంది, అది కూడా దాచకుండా చెప్పాలి. ఫోన్ పెట్టేశాక నాకు బరువు దిగినట్టయింది. ఆమె చెప్పింది విన్న తర్వాత కూడా దిగింది. ఆకలేసింది. పోయి కంచం ముందు కూర్చుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. తింటున్నంతసేపూ సిగ్గుగానే ఉంది. తిన్నాను.